38 వర్చువల్ సర్వర్ల రెప్లికేషన్: ప్రణాళికకు ఏయే లెక్కలు కావాలి?

రాత్రికాపలా

సభ్యులకు నమస్కారం. మా దగ్గర మూడు హోస్టుల (వర్చువల్ మెషీన్లను మోసే భౌతిక యంత్రాల) హైపర్-వి (మైక్రోసాఫ్ట్ వర్చువలైజేషన్) క్లస్టరు మీద 38 వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయి. వాటికి కేటాయించిన డిస్కు మొత్తం 11 టెరాబైట్లు. అందులో నిజంగా నిండింది దాదాపు 8 టెరాబైట్లు. దూరంగా ఉన్న రెండో కేంద్రంలో ఇటీవల రెండు హోస్టులు సమకూర్చారు. రెండు కేంద్రాల మధ్య 200 మెగాబిట్ల లింకు ఉంది. రెప్లికేషన్ (అంటే ఈ మెషీన్ల నకళ్లను అక్కడ ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడం) గురించి పైనుంచి వచ్చిన ఆదేశం ఒక్క వాక్యమే: "అన్ని సర్వర్లూ ప్రతి 30 సెకన్లకూ అక్కడికి చేరాలి."

నేను ప్రతి మెషీను పేరు, దాని డిస్కు పరిమాణం, మెమరీ రాసి ఒక పట్టిక తయారుచేసి, రెండో కేంద్రంలో 11 టెరాబైట్లకు మించి ఖాళీ ఉన్నదని తేల్చుకున్నాను. అయినా ఈ పట్టికను ప్రణాళిక అని పిలవడానికి మనసొప్పడం లేదు. ఇందులో ఏమేమి లోపించాయో, దేనితో మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

పాతకీలు

రాత్రికాపలా గారూ, మీ పట్టికలో ఉన్నదంతా నిల్వ లెక్క. లింకు మీద రోజూ ప్రయాణించేది నిల్వ ఉన్న డేటా కాదు, మారిన డేటా. పది గిగాబైట్ల చిన్న మెషీను గంటకు ఐదు గిగాబైట్లు రాస్తూ ఉండవచ్చు. రెండు టెరాబైట్ల ఫైల్ సర్వరులో రోజంతా గడిచినా ఒక గిగాబైటు కూడా మారకపోవచ్చు. కనుక పట్టికలో మీరు చేర్చవలసిన మొదటి గడి, ప్రతి మెషీను ఎంత రాస్తోంది, ఏ వేళలో రాస్తోంది అన్నది.

రెండో సంగతి ఆ 30 సెకన్లది. విండోస్ సర్వర్ 2012లో హైపర్-వి రెప్లికా (హైపర్-విలోనే ఉన్న రెప్లికేషను సదుపాయం) వచ్చినప్పుడు 5 నిమిషాల విరామం ఒక్కటే ఉండేది. 2012 ఆర్2 నుంచి 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అనే మూడింటిలో ఒకటి ఎంచుకునే వీలు కలిగింది. అయితే విరామం 30 సెకన్లని పెట్టినంత మాత్రాన నష్టం 30 సెకన్లకు పరిమితమవుతుందన్న హామీ ఏదీ లేదు. విరామం అంటే మార్పుల లాగ్ ఎంతసేపటికొకసారి బయలుదేరుతుందో చెప్పే అంకె. అది అవతలికి చేరిందా లేదా అన్నది లింకు తేల్చవలసిన విషయం.

ఆ ఆదేశం ఇచ్చిన వారినే ఒక ప్రశ్న అడగండి: ఏ పనికి ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకోగలరు, ఏ పని ఎన్ని గంటల్లోగా మళ్లీ నడవాలి? ఆర్‌పీఓ, ఆర్‌టీఓ (మొదటిది తట్టుకోగల డేటా నష్టం, రెండోది మళ్లీ నడవడానికి గడువు) అన్న పేర్లు వాడితే అందరూ తల ఊపుతారు గానీ అంకెలు చెప్పరు. "మధ్యాహ్నం రెండు గంటలకు ఆగిపోయి, ఒంటిగంటన్నర నాటి స్థితితో లేస్తే మీ విభాగంలో ఎవరు ఏ పని మళ్లీ చేయాలి?" అని అడిగితే అంకెలు వాటంతటవే వస్తాయి.

గణితప్రియ

పాతకీలు గారు చెప్పినదానికి మీ అంకెలనే జోడిస్తాను.

200 మెగాబిట్లంటే సెకనుకు 25 మెగాబైట్లు. ఆ లింకు మీద వేరే పనులు కూడా నడుస్తాయి కాబట్టి 60 శాతం మాత్రమే రెప్లికేషనుకు వదిలారనుకుందాం. అప్పుడు సెకనుకు 15 మెగాబైట్లు, అంటే గంటకు 54 గిగాబైట్లు. 8 టెరాబైట్ల తొలి నకలు ఈ వేగంతో వెళ్లడానికి దాదాపు 148 గంటలు, అంటే ఆరు రోజులకు పైగా పడుతుంది. కంప్రెషన్ వల్ల కొంత తగ్గవచ్చు కానీ, ముందే కుదించి ఉన్న బొమ్మలు, వీడియోలు, ఎన్‌క్రిప్టు చేసిన ఫైళ్లు ఉన్నచోట ఆ లాభాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ ఆరు రోజులూ మెషీన్లు ఊరుకోవు కనుక మార్పులు ఇవతలి స్టోరేజీలో పోగవుతూ ఉంటాయి. అందుకే తొలి నకలు అవతలి కేంద్రంలో మాత్రమే కాక మీ సొంత కేంద్రంలో కూడా ఖాళీ స్థలాన్ని కోరుతుంది. ఈ సంగతి మీ పట్టికలో లేదు.

పెద్ద డిస్కులున్న మెషీన్లకు తొలి నకలును బయటి డిస్కులో ఎక్కించి మనిషి చేత పంపే మార్గం హైపర్-వి రెప్లికాలోనే ఉంది. అవతలి కేంద్రంలో బ్యాకప్ నుంచి మెషీనును ముందే పునరుద్ధరించి, దాన్నే మొదటి నకలుగా చూపించే మార్గమూ ఉంది. కారులో వెళ్లే డిస్కును వెక్కిరించేవారు 148 గంటల లెక్క చూశాక వెక్కిరించరు.

ఇక అసలు ప్రమాదం సగటులో దాగి ఉంటుంది. ఒక మెషీను ఒక గంటలో 18 గిగాబైట్లు రాసిందనుకోండి. సగటున సెకనుకు 5 మెగాబైట్లే కనుక, మన 15 ముందు అది చిన్నదిగా కనిపిస్తుంది. అదే గంటలోకి తొంగిచూస్తే, 15 గిగాబైట్లు తొలి పది నిమిషాల్లోనే రాసి ఉండవచ్చు. అప్పుడు రాతవేగం సెకనుకు 25 మెగాబైట్లు, లింకు మోసేది 15. పది నిమిషాలు ముగిసేసరికి 9 గిగాబైట్లు వెళ్లి 6 గిగాబైట్లు మిగులుతాయి. అవి వదిలించుకోవడానికి ఇంకో 400 సెకన్లు, అంటే ఏడు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. ఆ వేళలో ప్రమాదం జరిగితే మీ 5 నిమిషాల మాట కూడా నిలవదు. 30 సెకన్ల సంగతి చెప్పనక్కరలేదు. కనుక గంట సగటులు తీసుకోవద్దు. పర్ఫార్మెన్స్ మానిటరులో వర్చువల్ స్టోరేజ్ డివైసుకు సంబంధించిన రాతల కౌంటరును నిమిషానికొకసారి, వీలైతే ఇంకా దగ్గరగా నమోదు చేయండి. ఒక వారం చాలదు. నెలాఖరు ముగింపు లెక్కలు నడిచే రోజులు అందులో తప్పక ఉండాలి.

వీఎంవేర్ వైపు పనిచేసేవారికి ఒక మాట. వీస్ఫియర్ రెప్లికేషనులో ఒకే బ్లాకు గడువులోపల పదిసార్లు మారినా దాని చివరి రూపమే వెళ్తుంది కాబట్టి, గడువు పెంచితే ప్రయాణించే డేటా కూడా తగ్గవచ్చు. ఒక ఉత్పత్తి కోసం వేసిన లెక్కను మరొకదానికి యథాతథంగా అతికించకూడదు.

రాత్రికాపలా

చాలా కృతజ్ఞతలు. పది రోజులు కొలిచాను. నెలాఖరు అందులో పడింది. 38లో 29 మెషీన్లు కలిసి కూడా లింకులో పదోవంతు అడగడం లేదు. కానీ డేటాబేస్ సర్వరు ఒకటి ప్రతి రాత్రి ఒంటిగంటకు సరిగ్గా గణితప్రియ గారు ఊహించినట్టే ఒక్కసారిగా ఎగుస్తోంది. ఆరా తీస్తే, ఆ వేళకు డేటాబేసు పూర్తి బ్యాకప్ అదే మెషీనులోని డి డ్రైవులోకి రాస్తున్నట్టు తేలింది. ఆ ఫైలును మరో గంట తర్వాత బ్యాకప్ సర్వరు తీసుకుపోతుంది. అంటే ఆ బ్యాకప్ ఫైలును కూడా మేము ప్రతి రాత్రీ అవతలికి మోయబోతున్నామన్నమాట.

పట్టికలరాణి

ఇది దాదాపు ప్రతి చోటా కనిపించే పొరపాటు. బ్యాకప్ ఫైళ్లు పడే డ్రైవును ప్రత్యేకమైన వర్చువల్ డిస్కుగా విడదీసి, రెప్లికేషను ప్రారంభించేటప్పుడు ఆ డిస్కును ఎంపిక నుంచి తొలగించండి. పేజ్ ఫైలును (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే ఫైలును) కూడా అలాగే వేరు డిస్కులో పెట్టి వదిలేయవచ్చు; దాని విలువ మెషీను పునఃప్రారంభమయ్యేంత వరకే.

టెంప్‌డీబీ (ఎస్‌క్యూఎల్ సర్వరు తాత్కాలిక పనులకు వాడుకునే డేటాబేసు) విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది ప్రతిసారీ కొత్తగా తయారయ్యేదే కనుక పంపనక్కరలేదన్నది నిజం. కానీ ఎస్‌క్యూఎల్ సర్వరు లేచేటప్పుడు టెంప్‌డీబీ ఉండవలసిన డ్రైవూ ఫోల్డరూ కనిపించకపోతే సర్వీసే మొదలవదు. నేను ఒకసారి రిహార్సల్‌లో ఈ కారణంగా నలభై నిమిషాలు తలపట్టుకు కూర్చున్నాను. డేటా అంతా క్షేమంగా ఉంది, సర్వీసు మాత్రం లేవనంటుంది. కనుక ఏ డిస్కును వదిలేస్తున్నారో, అవతల ఆ స్థానంలో ఏ ఖాళీ డిస్కు ఏ డ్రైవు అక్షరంతో ఏ ఫోల్డరుతో ఉండాలో కూడా ప్రణాళికలో రాయాలి.

సామాన్యంగా వెళ్లే నకలు విద్యుత్తు పోయి ఆగిపోయిన యంత్రం లాంటిది. లేచాక డేటాబేసు తన లాగ్ చదువుకుని సర్దుకుంటుంది. చాలా డేటాబేసులకు ఇది చాలు. అప్లికేషను సిద్ధపడి, మెమరీలోని రాతలు డిస్కుకు దించుకున్నాక తీసుకునే నకలు కావాలంటే వీఎస్‌ఎస్ స్నాప్‌షాట్లు పెట్టుకోవాలి. హైపర్-వి రెప్లికాలో వాటి విరామం 1 నుంచి 12 గంటల మధ్య ఉంటుంది. వీఎస్‌ఎస్ విండోసుకు చెందినది కాబట్టి లినక్సు మెషీన్లకు ఈ గడి పనికొస్తుందనుకోకండి.

మరో చిక్కు ఉంది. అప్లికేషను ఒక మెషీనులో, డేటాబేసు మరో మెషీనులో, దస్తావేజుల ఫైళ్లు మూడోదానిలో ఉన్నాయనుకుందాం. హైపర్-వి రెప్లికా ప్రతి మెషీనునూ విడిగా చూస్తుంది. మూడూ ఒకే క్షణానికి చెందిన నకళ్లుగా లేస్తాయన్న పూచీ ఇవ్వదు. డేటాబేసులో నమోదై ఉండి ఫైలు లేని దస్తావేజులు, ఫైలు ఉండి నమోదు లేని దస్తావేజులు మిగలవచ్చు. వాటిని పోల్చి సరిచేసే స్క్రిప్టు అప్లికేషను వారి దగ్గర ఉందో లేదో ఇప్పుడే అడగండి. అన్నిటికంటే ముఖ్యమైన డేటాబేసుకైతే, నా అభిప్రాయంలో ఎస్‌క్యూఎల్ సర్వరులోని ఆల్వేస్ ఆన్ వంటి సొంత ప్రతికృతి పద్ధతే వాడి, ఆ మెషీనును ఈ జాబితాలోంచి తీసేయడం మంచిది.

తీగలమనిషి

నెట్‌వర్కు వైపు నుంచి కొన్ని మాటలు. హోస్టులు ఒకదాన్నొకటి గుర్తించే పద్ధతులు రెండు: డొమైను మీద ఆధారపడే కెర్బరోస్, సర్టిఫికెట్లు. కెర్బరోస్‌తో అయితే సాధారణంగా 80వ పోర్టు, సర్టిఫికెట్లతో అయితే 443వ పోర్టు వాడతారు. మొదటిదానిలో డేటా ఎన్‌క్రిప్టు కాకుండానే వెళ్తుంది. లింకు అద్దెది అయినా, రెండు కేంద్రాలూ ఒకే డొమైనులో లేకపోయినా సర్టిఫికెట్ల దారే పట్టండి. మీది క్లస్టరు కాబట్టి హైపర్-వి రెప్లికా బ్రోకరు (వచ్చే రెప్లికేషనును క్లస్టరులో సరైన హోస్టుకు మళ్లించేది) పాత్ర కూడా పెట్టాలి. సర్టిఫికెట్ల జాబితాలో హోస్టులతో పాటు బ్రోకరు పేరు కూడా చేరాలి. దీన్ని మరిచి పోర్టులను అనుమానిస్తూ కూర్చున్నవారిని చూశాను.

లింకులో ఆ 60 శాతం హద్దును కాగితం మీద రాస్తే సరిపోదు, క్యూఓఎస్ (నెట్‌వర్కు వాటాల నియంత్రణ) నియమంగా పెట్టండి. లేకపోతే తొలి నకలు రోజున మీ సంస్థలో ఫోన్ కాల్స్ తెగిపోతాయి, ఆ పై రెప్లికేషనునే ఆపేయమంటారు.

అవతలి కేంద్రంలో ఐపీ చిరునామాల శ్రేణి వేరా, ఒకటేనా? వేరైతే ప్రతి మెషీనుకూ ఫెయిలోవర్ (నకలును అవతల లేపడం) కోసం ఉన్న టీసీపీ/ఐపీ గడిలో కొత్త చిరునామా ముందే నింపాలి. అది పనిచేయడానికి మెషీనులో ఇంటిగ్రేషన్ సర్వీసులు (హోస్టుతో మాట్లాడే హైపర్-వి సాఫ్ట్‌వేరు) ఉండాలి. పాత లెగసీ నెట్‌వర్క్ అడాప్టరు మీద అది పనిచేయదు. చిరునామా మారిందంటే డీఎన్ఎస్ (పేరును చిరునామాగా మార్చే వ్యవస్థ) రికార్డుల టీటీఎల్ (పాత జవాబును గుర్తుంచుకునే గడువు) కూడా మీ ఆర్‌టీఓలో భాగమే. మెషీను ఐదు నిమిషాల్లో లేచినా, రికార్డు గంటసేపు పాత చిరునామానే చూపిస్తుంటే వాడుకరికి అది గంట ఆగినట్టే. అప్లికేషనుల కాన్ఫిగరేషను ఫైళ్లలో నేరుగా అంకెలతో రాసిపెట్టిన చిరునామాలు ఎన్ని ఉన్నాయో వెతికించండి. లేవని ఎవరైనా భరోసా ఇస్తే, ఆ భరోసా మీద ఆధారపడకుండా వెతికించండి.

నిశ్శబ్దసర్వర్

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. డొమైన్ కంట్రోలర్లను (లాగిన్లను ధ్రువీకరించే సర్వర్లను) ఈ 38లో కలిపారా? కలిపితే తప్పు లేదని నా వాదన. విండోస్ సర్వర్ 2012 నుంచి వీఎం జనరేషన్ ఐడీ (మెషీను పాత స్థితికి వెళ్తే మారే గుర్తు) ఉన్నది కాబట్టి, పాత స్థితికి వెనక్కి వెళ్లిన సంగతిని డొమైన్ కంట్రోలరు తానే గుర్తించి, తన ఇన్వొకేషన్ ఐడీని (తన డైరెక్టరీ డేటాబేసు గుర్తింపును) మార్చుకుని, పాత రిడ్ పూలును (ముందే కేటాయించుకున్న గుర్తింపు సంఖ్యలను) వదిలేస్తుంది. పాత నకలు లేవడంతో కంట్రోలర్ల మధ్య మార్పులు తప్పిపోయే ఒకప్పటి యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ భయం ఇప్పుడు అంతగా లేదు. అన్నిటికీ ఒకే పద్ధతి ఉంటే నిర్వహణ తేలిక.

పాతకీలు

నిశ్శబ్దసర్వర్ గారూ, మీరు చెప్పిన రక్షణ నిజమే, నేను కాదనను. కానీ వాదన వేరు. అవతల లేచే ప్రతి సర్వరూ తొలి క్షణం నుంచే పేర్లను వెతకడానికి, లాగిన్లను ధ్రువీకరించడానికి డొమైన్ కంట్రోలరును అడుగుతుంది. అది కూడా నకలుగానే ఉంటే ముందు దాన్ని లేపి, అది స్థిరపడేదాకా మిగతా 37ను ఆపి ఉంచాలి. అదే రెండో కేంద్రంలో ఒక కంట్రోలరును నిత్యం నడుపుతూ, యాక్టివ్ డైరెక్టరీ సొంత రెప్లికేషనుతో తాజాగా ఉంచితే ఆ నిరీక్షణ ఉండదు. లింకు మీద పడే భారమూ స్వల్పం. పైగా అది అక్కడ రోజూ నడుస్తూ ఉంటే దాని లోపాలు రోజూ తెలుస్తాయి.

మీ మాటలో నేను అంగీకరించే భాగం ఒకటుంది. విడిగా ఉంచిన నెట్‌వర్కులో రిహార్సల్ చేసేటప్పుడు, నిత్యం నడిచే కంట్రోలరును అందులోకి తీసుకురాలేము. ఆ అవసరం కోసం ఒక కంట్రోలరును నకలుగా కూడా ఉంచడం సమంజసమే.

నిశ్శబ్దసర్వర్

రిహార్సల్ సంగతి నేను ఆలోచించలేదు. అలా అయితే రెండూ ఉంచుకోవడమే సరి.

తొలిఅడుగు

నేను ఈ రంగానికి కొత్త. రెండో కేంద్రంలో అన్నీ 30 సెకన్ల తాజాదనంతో ఉంటే, రోజువారీ బ్యాకప్‌లు ఇక ఎందుకు? ఆ డిస్కు ఖర్చును ఈ పనికి మళ్లించవచ్చు కదా?

పట్టికలరాణి

మళ్లించకూడదు. ఎవరైనా పొరపాటున ఒక పట్టికను తుడిచేస్తే ఆ తుడుపు కూడా 30 సెకన్లలో అవతలికి చేరుతుంది. ఫైళ్లను తాళం వేసే రాన్సమ్‌వేర్ వస్తే తాళం పడిన ఫైళ్లే అవతల కూడా ఉంటాయి. హైపర్-వి రెప్లికాలో అదనపు రికవరీ పాయింట్లు ఉంచుకుని కొన్ని గంటలు వెనక్కి వెళ్లవచ్చు. 2012 ఆర్2 నుంచి గంటకొకటి చొప్పున అత్యధికంగా 24 గంటలు. శుక్రవారం జరిగిన తప్పును సోమవారం కనిపెడితే అవి అక్కరకు రావు. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి బయట అన్న పాత సూత్రం బ్యాకప్‌ల గురించినది. రెప్లికా ఉందని దాన్ని సడలించలేము.

గణితప్రియ

పై సమాధానంలో వచ్చిన రికవరీ పాయింట్ల మీద ఒక హెచ్చరిక. అవి అవతలి స్టోరేజీలో డిఫరెన్సింగ్ డిస్కులుగా (మార్పులను మాత్రమే ఉంచే డిస్కు ఫైళ్లుగా) నిలుస్తాయి. స్థలం ఒక్కటే సమస్య కాదు. వచ్చిన మార్పులను నకలులో కలపడానికీ, పాత పాయింట్లను విలీనం చేయడానికీ అవతలి డిస్కులు నిరంతరం చదువుతూ రాస్తూ ఉంటాయి. రెండో కేంద్రానికి నిదానంగా తిరిగే పెద్ద డిస్కులు చాలని కొనేవారు దీన్ని మరుస్తారు. ఫెయిలోవర్ జరిగిన రోజు ఆ డిస్కుల మీదే అసలు పని కూడా నడవాలి. అందరికీ 24 పాయింట్లు పెట్టకుండా, అవసరమున్న ఐదారు మెషీన్లకే ఇవ్వండి.

ఇంకొక అంకె గుర్తుంచుకోండి. లింకు చాలాసేపు తెగిపోయి మార్పుల లాగ్ పోగై వర్చువల్ డిస్కు పరిమాణంలో సగానికి చేరితే, ఆ మెషీనుకు రీసింక్రొనైజేషను తప్పదు. రెండు వైపులా డిస్కు మొత్తాన్ని చదివి పోల్చే పని కాబట్టి, దాన్ని రాత్రి వేళ మాత్రమే జరగనిచ్చే అమరిక చేసుకోండి.

మీవి అవతల రెండే హోస్టులు. మూడింటి మీద నడిచేవన్నీ రెండింటి మెమరీలో పడతాయా? పడకపోతే ఏవి లేవకూడదో ముందే తేల్చాలి.

రాత్రికాపలా

మూడు వారాల తర్వాత తిరిగి వచ్చాను. మీ సూచనల ప్రకారం జరిగినదంతా రాస్తున్నాను.

విభాగాధిపతులతో కూర్చుని పాతకీలు గారి ప్రశ్ననే అడిగాము. 38లో నిజంగా 30 సెకన్లు కోరినవి నాలుగు. పదకొండు మెషీన్లకు 5 నిమిషాలు, పదిహేడింటికి 15 నిమిషాలు చాలన్నారు. మిగిలిన ఆరు ప్రయోగ సర్వర్లు. వాటికి రాత్రి బ్యాకప్ తప్ప మరేమీ అక్కరలేదని వారే చెప్పారు. అవతలి మెమరీ ఆ 32కు సరిపోతోంది. బ్యాకప్ ఫైళ్ల డిస్కును విడదీసి తొలగించాక రాత్రి ఒంటిగంట ఎగుడు మాయమైంది. నిండుగా ఉన్న మూడు పెద్ద మెషీన్ల తొలి నకళ్లు డిస్కుల మీద వెళ్లాయి.

తర్వాత విడి స్విచ్ మీద టెస్ట్ ఫెయిలోవర్ చేశాము. లేపవలసిన క్రమాన్ని కాగితం మీద రాసుకుని, ప్రతి వరుస పక్కన ఆ పని ఎవరిదో, అది లేచిందని దేన్ని చూసి నమ్మాలో రాశాము. 32లో 31 లేచాయి. ఒకటి మాత్రం కీ ప్రొటెక్టరును (మెషీను కీలను కాపాడే కవచాన్ని) విప్పలేకపోయానంటూ ఆగిపోయింది. అది వర్చువల్ టీపీఎం (ఎన్‌క్రిప్షను కీలను దాచే వర్చువల్ భద్రతా చిప్పు) పెట్టిన రెండో తరం మెషీను. నకలు మాత్రం రోజూ క్షేమంగానే వెళ్తోంది, ఆరోగ్య నివేదికలో అంతా ఆకుపచ్చగానే ఉంది.

పాతకీలు

ఆ మెషీను మొదట తయారైన హోస్టులో, షీల్డెడ్ వీఎం లోకల్ సర్టిఫికెట్స్ అనే స్టోరులో రెండు సర్టిఫికెట్లు ఉంటాయి; ఒకటి సంతకానికి, ఒకటి ఎన్‌క్రిప్షనుకు. వాటిని ప్రైవేటు కీలతో సహా ఎగుమతి చేసి అవతలి రెండు హోస్టుల్లోనూ దిగుమతి చేయండి. ఎగుమతి ఫైలును, దాని పాస్‌వర్డును వేర్వేరు చోట్ల భద్రపరచండి. ఆ మొదటి హోస్టు కాలిపోయి ఈ కీలు ఇంకెక్కడా లేకపోతే ఆ మెషీను ఇక తెరుచుకోదు.

ఇంకొక సందేహం. అది మీ క్లస్టరులోనే వేరే హోస్టు మీద ఎప్పుడైనా నడిచిందా?

రాత్రికాపలా

చూశాను. ఏనాడూ నడవలేదు. క్లస్టరులోని మిగతా రెండు హోస్టుల్లోనూ ఆ సర్టిఫికెట్లు లేవు. అంటే రెండో కేంద్రం దాకా వెళ్లనక్కరలేకుండా, ఈ గదిలోనే ఆ ఒక్క హోస్టు ఆగిపోయినా అది లేచేది కాదు. ఈ రాత్రి నాలుగు చోట్లా దిగుమతి చేసి, రేపు ఆ ఒక్కదానికి మళ్లీ టెస్ట్ ఫెయిలోవర్ చేసి ఇక్కడ రాస్తాను. రెప్లికేషను సర్టిఫికెట్ల గడువు తేదీలను కూడా పట్టికలో చివరి గడిగా చేర్చాను.

తీగలమనిషి

ఆ గడువు తేదీకి నెల ముందే పిలిచేలా ఒక హెచ్చరిక కూడా పెట్టండి. అది మీ ఒక్కరి మెయిలుకు కాకుండా ఇద్దరు ముగ్గురికి వెళ్లేలా చూడండి.